అటక మీద దొరికిన రంగుల పింగాణీ పళ్ళేలు: తినొచ్చా, దాచాలా?

మహారాణిపేట_మాధవి
ఇంటికి సున్నం వేయిస్తున్నామని పోయిన ఆదివారం అటక దులిపాం. తాతగారి రేకు ట్రంకులో పాత ఆంధ్రపత్రిక కాగితాల్లో చుట్టి ఏడు పింగాణీ పళ్ళేలు దొరికాయి. నారింజ రంగువి రెండు, పసుపువి రెండు, ముదురు నీలం ఒకటి, లేత ఆకుపచ్చ ఒకటి, నెమలిమెడ రంగు ఒకటి. పువ్వులు, బంగారు గీతలు ఏమీ లేవు. అంచు దగ్గర మాత్రం చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా వలయాలున్నాయి. చేతిలోకి తీసుకుంటే బాగానే బరువు.

ఒకటి పట్టుకుని వైజాగ్ పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత సామాన్ల కొట్టుకెళ్ళాను. ఆయన తిప్పి కూడా చూడకుండా "ఉత్తరప్రదేశ్ ఖుర్జా సరుకమ్మా, జత యాభైకి తీసుకుంటా" అన్నాడు. అక్కడే నిలబడ్డ ఇంకొకాయన సందు చివరిదాకా నా వెనకే వచ్చి "ఎన్నుంటే అన్నీ ఎనిమిది వేలు, ఇప్పుడే చేతిలో పెడతా" అన్నాడు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

అమ్మేమో సంక్రాంతికి వీటిలోనే పులిహోర పెడదాం అంటోంది. తమ్ముడు తనకి సగం కావాలంటున్నాడు. ఏడింట్లో సగం ఎలాగో వాడే చెప్పాలి. ఇవేంటో, వీటిలో తినొచ్చో లేదో ఎవరికైనా తెలుసా?

ముంతమసాలా
ఏడు పళ్ళేల సెట్టు నేనెక్కడా వినలేదు. ఎనిమిదోది ఏమైంది?

గాజువాక_గిరి
వెనకాల వచ్చినాయన చెప్పిన దానికి రెండింతలు అడగాల్సింది మేడమ్. వెంటపడ్డాడంటేనే సరుకున్నట్టు.

పళ్ళేల_పిచ్చోడు
అమ్మకండి. తోమకండి. పులిహోర అసలే వద్దు, అది తర్వాత చెబుతాను. ముందు పళ్ళెం బోర్లించి ఈ మూడూ చూసి చెప్పండి.

అడుగున ముద్ర ఉందా? ఉంటే ఏం రాసుంది? పళ్ళెం నేలకు ఆనే గట్టు మీద కూడా నున్నటి పూత ఉందా, లేక అక్కడ మాత్రం గరుకుగా మట్టి బయటపడి ఉందా? అడుగున మూడు చోట్ల చిన్న చిన్న మచ్చలు, సూది మొన గుచ్చినట్టు, ఉన్నాయా?

సింహాచలం_సంపెంగ
మా ఇంట్లోనూ ఇలాంటి రంగులవి ఉండేవి, కానీ అవి ఎనామిల్ పూత వేసిన రేకువి. కింద పడితే పగలవు, పూత పెచ్చులు ఊడి నల్లగా కనిపిస్తుంది. మీవి అవి కావు కదా?

మహారాణిపేట_మాధవి
సంపెంగ గారూ, రేకు కాదండీ, గోరుతో కొడితే టంగుమంటోంది. ఒక పసుపుది మాత్రం "డబ్" అంటోంది.

పిచ్చోడు గారూ, మూడు మచ్చలూ ఉన్నాయి! గట్టు మీద కూడా పూత ఉంది, ఎక్కడా గరుకు లేదు. ముద్ర సగం చెరిగిపోయింది. ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఫియెస్టా, దాని కింద యు.ఎస్.ఎ. అని ఉన్నట్టుంది. నారింజ రంగు ఒకదాని మీద మాత్రం ఏమీ లేదు.

పళ్ళేల_పిచ్చోడు
నేను కూర్చున్న కుర్చీలోంచి లేచాను.

ఇవి అమెరికావి. హోమర్ లాఫ్లిన్ అనే కంపెనీ, వెస్ట్ వర్జీనియాలో న్యూవెల్ అనే ఊరు. ఫియెస్టా అంటే వాళ్ళకి ఫ్రెడరిక్ హర్టెన్ రీడ్ అనే ఇంగ్లండు ఆయన గీసిన డిజైను పేరు. 1936లో బజారులోకి వచ్చింది. అప్పట్లో భోజనాల బల్ల మీద అన్నీ ఒకే రంగు, ఒకే పువ్వు ఉండాలనేవాళ్ళు. వీళ్ళు దాన్ని తిరగేశారు. నచ్చిన రంగులు ఏరుకుని కలుపుకోండి అన్నారు. అందుకే మీ దగ్గర కలగూరగంపలా ఉంది. అది లోపం కాదు, పద్ధతే అంత. (కాలిఫోర్నియాలో బావర్ అనే వాళ్ళు అంతకు ముందే ఇలాంటి వలయాలు, రంగులు చేశారు. కానీ ఊరూరా పాకించింది వీళ్ళే.)

పాతవాటిని బట్టీలో మూడు మొనల మీద నిలబెట్టి కాల్చేవాళ్ళు. అందుకే గట్టుకు కూడా పూత, అడుగున మూడు మచ్చలు. 1986లో మళ్ళీ మొదలుపెట్టిన కొత్త సరుకులో గట్టు పూత తుడిచేసి గరుకుగా ఉంటుంది. కాబట్టి మీవి పాతవే. ముద్ర లేకపోయినా కంగారు పడకండి, ముద్ర లేని పాతవీ ఉంటాయి.

"డబ్" అన్న పసుపుదాన్ని వెలుతురులో తిప్పి చూడండి. ఎక్కడో వెంట్రుక మందాన బీట ఉంటుంది.

ఎర్రమట్టిదిబ్బ
అమెరికా పళ్ళెం మహారాణిపేట అటక మీదకి ఎలా ఎక్కిందో అది చెప్పండి ముందు. తాతగారు అమెరికా వెళ్ళారా?

మహారాణిపేట_మాధవి
తాతగారు హైదరాబాద్ కూడా రెండుసార్లే వెళ్ళారు. రిఫైనరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చుట్టిన కాగితాల మీద 1963 అని ఉంది.

కెమిస్ట్రీ_మాస్టారు
రిఫైనరీ అన్నారు కదా, ముడి విడిపోయినట్టే. ఇప్పటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ 1957లో కాల్టెక్స్‌గా మొదలైంది. అమెరికన్ కంపెనీ. తొలినాళ్ళలో అక్కడి నుంచి వచ్చిన ఇంజనీర్ల కుటుంబాలు ఇక్కడ ఉండేవి. బదిలీ అయి వెళ్ళేటప్పుడు మంచాలు, ఫ్యాన్లు, గిన్నెలు ఇక్కడే అమ్మేసి పోయేవాళ్ళు. మా నాన్నగారు అలాగే ఒక ఇస్త్రీ పెట్టె కొన్నారు. అది మా ఇంట్లో మూడు ఫ్యూజులు పేల్చింది.

ఇక తినడం సంగతి. నారింజ రంగు పళ్ళేల పూతలో యురేనియం ఉంటుంది. నిజంగానే. ఆ రంగు యురేనియం ఆక్సైడ్‌తోనే వచ్చేది. 1943లో అమెరికా ప్రభుత్వం యురేనియం మొత్తం బాంబు పనికి లాగేసుకుంటే ఆ రంగు ఆపేశారు. మళ్ళీ 1959లో మొదలుపెట్టి 1972 దాకా చేశారు. అప్పుడు వాడింది బాంబులకి పనికొచ్చేది తీసేయగా మిగిలిన యురేనియం.

ముంతమసాలా
అమ్మ బాబోయ్. పులిహోర పెడితే వెలుగుతుందా?

గాజువాక_గిరి
కరెంటు పోయినా భోజనం చేయొచ్చు. ఇన్వర్టర్ ఖర్చు కలిసొస్తుంది.

ఉప్పుగాలి
అతినీలలోహిత (యూవీ) కాంతి టార్చి వేసి చూడండి, యురేనియం ఉంటే ఆకుపచ్చగా మెరుస్తుంది. వీడియోల్లో చూశాను.

కెమిస్ట్రీ_మాస్టారు
ఉప్పుగాలి గారూ, అది యురేనియం గాజు. లేత పసుపు, ఆకుపచ్చ గాజు గిన్నెలు ఆ టార్చి కింద పచ్చగా వెలుగుతాయి. ఈ నారింజ పింగాణీ పూత సాధారణంగా వెలగదు. వెలగలేదు కాబట్టి మంచిదే అనుకుంటే దెబ్బతింటారు. దీనికి గైగర్ కౌంటరే, అంటే రేడియేషన్ కొలిచే పరికరమే ఆధారం.

మాధవి గారు కంగారు పడక్కర్లేదు. అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటే ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పులుపుతో. చింతపండు, నిమ్మకాయ, టమాటా, పెరుగు ఆ పూతని కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. పైగా ఆ కాలం రంగు పూతల్లో సీసం మామూలే, నారింజ ఒక్కదానికే కాదు. ల్యాబులో పరీక్ష కూడా అదే సూత్రం మీద చేస్తారు. గిన్నెలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే దాదాపు మన వెనిగరే, 24 గంటలు ఉంచి అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. మీ అమ్మగారి పులిహోర ఆ పరీక్షకి సరిగ్గా సరిపోతుంది.

సింహాచలం_సంపెంగ
మా నాయనమ్మ జీవితమంతా పింగాణీ గిన్నెలోనే పులుసు తిని తొంభై దాటి బతికింది. ఇవన్నీ ఇప్పటి భయాలు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఆవిడ గిన్నెలో సీసం లేకపోయి ఉండొచ్చు కదండీ. తెల్ల పింగాణీ వేరు, ఈ రంగు పూత వేరు.

వన్‌టౌన్_పద్మ
ఆగండి ఆగండి. మరి ఆవకాయ జాడీ? మా ఇంట్లో మూడు జాడీలు, మా అత్తగారి అత్తగారివి. ఏడాది పొడుగునా ఉప్పు, కారం, పులుపు అందులోనే. ఇప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
పద్మ గారూ, మన తెలుపు, గోధుమ రంగు జాడీలు స్టోన్‌వేర్. వాటిని బాగా ఎక్కువ వేడిలో, 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి కరిగే పూతకి సీసం అవసరం ఉండదు. సీసం వేసేది తక్కువ వేడిలో పూత కరిగి మెరవడానికి. లోపల పూత నిగనిగలాడుతూ ఉంటే వాడుకోండి. లోపల జల్లెడలా సన్న పగుళ్ళు వచ్చి, కడిగినా పాత నూనె వాసన పోకపోతే మాత్రం పప్పులు పోసుకోండి.

వన్‌టౌన్_పద్మ
బతికించారు. ఇప్పుడే వెళ్ళి మూడూ లోపల చెయ్యి పెట్టి తడిమాను. చెయ్యంతా ఆవకాయ.

జాడీమూత
పింగాణీలో తినడం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, మా అమ్మమ్మ ఇంట్లో పింగాణీకి వంటింట్లో ప్రవేశమే లేదు. అనకాపల్లిలో ఇల్లు. వీధి అరుగు పక్కన గోడలో ఒక గూడు, అందులో నాలుగు కప్పులు, మూడు సాసర్లు బోర్లించి ఉండేవి. అమీన్లు, కరణాలు, ఎవరైనా కాస్త గౌరవించాల్సిన వాళ్ళు వస్తే వాటిలో టీ. లోపల అందరికీ కంచు, ఇత్తడి. "ఇత్తడి చింతపండు పెట్టి తోమితే అంటు పోతుంది, మట్టిది ఎంత తోమినా పోదే" అనేది. ఆ కప్పులు కడిగిన నీళ్ళు కూడా వీధి కాలవలోకే.

తాతయ్యకి మాత్రం సాసర్లో టీ పోసుకుని, ఊది, జుర్రున పీల్చడం మహా ఇష్టం. అమ్మమ్మ మడిలో ఉన్నంతసేపూ ఆయన అరుగు మీదే కూర్చుని తాగేవాడు. ఆయన పోయాక ఆ గూట్లోవన్నీ నేను తెచ్చుకున్నాను. ఒక సాసరు మీద పెదవి ఆనే చోట బంగారు గీత అరిగిపోయింది. మిగతా చుట్టూ అలాగే ఉంది. పళ్ళేలు కొనడం నాకు అక్కడ మొదలైంది, ఇప్పుడు బీరువాలో చోటు లేదు, ఇంట్లో నాకూ లేదు.

ఎర్రమట్టిదిబ్బ
ఒకవేళ ఆ కప్పులు బోన్ చైనా అయితే అమ్మమ్మగారికి ఎవరూ చెప్పకపోవడమే మంచిదైంది. అందులో దాదాపు సగం కాల్చిన ఎముకల బూడిదే.

సింహాచలం_సంపెంగ
ఏంటీ? నిజమా? మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ప్రసాదం ఏ ప్లేట్లలో పెట్టానో ఇప్పుడు గుర్తు చేసుకోవాలి.

పళ్ళేల_పిచ్చోడు
ప్రతి తెల్ల కప్పూ బోన్ చైనా కాదు సంపెంగ గారూ. దీపానికి ఎదురుగా పట్టుకుని వెనక వేళ్ళు ఆడించండి. వేళ్ళ నీడ కదులుతూ కనిపించి, తెలుపులో కాస్త పాల మీగడ ఛాయ ఉంటే బోన్ చైనా అయ్యే అవకాశం ఎక్కువ. మాధవి గారివి మందపాటివి, నీడ కనిపించదు, అందులో ఎముకలు లేవు.

గాజువాక_గిరి
ఎముకల్లేవు, యురేనియం ఉంది. శుద్ధ శాకాహారం.

బర్మా_మనవడు
మా ఇంట్లోది ఒకటి చెబుతాను. ముత్తాత రంగూన్‌లో రేవు కూలీల మేస్త్రీ. యుద్ధానికి ముందు కూతురి పెళ్ళికి ఓడలో వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. ఆయన తెచ్చిన పెద్ద గుంట పళ్ళెం ఒకటి ఉంది. స్పాంజి ముక్కతో అద్దినట్టు ఎర్ర పువ్వులు, చుట్టూ ఆకుపచ్చ పట్టీ. అడుగున సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న బొమ్మ, మాస్ట్రిక్ట్ అని పేరు. మా ఊళ్ళో దాన్ని ఇప్పటికీ రంగం పళ్ళెం అంటారు. డచ్చి వాళ్ళదని ఈమధ్యే తెలిసింది. మా బాబాయి మాత్రం "భీమిలి డచ్చివాళ్ళ కోటలోది, మనకి జమీందారు ఇచ్చాడు" అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటున్నాడు.

ఎర్రమట్టిదిబ్బ
బాబాయిగారికి నమస్కారాలు. డచ్చివాళ్ళు భీమిలి వదిలి వెళ్ళింది 1825లో. మాస్ట్రిక్ట్‌లో పెట్రస్ రెహో పింగాణీ ఫ్యాక్టరీ పెట్టింది 1836లో. ఆ స్ఫింక్స్ బొమ్మ వాళ్ళదే. వాళ్ళ సరుకు బర్మాకి, జావాకి బాగా వెళ్ళేది. మీ ముత్తాత కథే సరైనది, జమీందారుని వదిలేయండి.

బర్మా_మనవడు
ఈ సమాధానం బాబాయికి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

రైలుపెట్టె
నా దగ్గర ఒక్క సాసరే ఉంది, తెలుపు, నీలం గీత, మధ్యలో బి.ఎన్.ఆర్. అని అక్షరాలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. వాల్తేరు స్టేషను అప్పుడు వాళ్ళదే. 1952లో ఆ పేరు ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది, ఆ తర్వాత 1955లో సౌత్ ఈస్టర్న్ అయింది. కాబట్టి సాసరు అంతకు ముందుదే. తాతగారు రైల్వేలో చేసేవారు. ఎలా వచ్చిందని అడక్కండి.

ముంతమసాలా
అడగం. కప్పు ఎక్కడుందో కూడా అడగం.

వన్‌టౌన్_పద్మ
నా కప్పు మీద "మేడిన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంది, అదేంటో తెలియక ఊరుకున్నాను. చిన్న చిన్న గులాబీలు.

పళ్ళేల_పిచ్చోడు
యుద్ధం ఓడిపోయాక జపాన్ అమెరికా సైన్యం చేతిలో ఉన్నప్పటిది. ఆక్రమణ 1952 ఏప్రిల్‌లో ముగిసింది. ఆ మాట ఉన్న సరుకంతా దాని ముందుదే. తేదీ పట్టుకోవడానికి ఇలాంటి ముద్ర బాగా పనికొస్తుంది. అలాగే కప్పు మీద ఊరికే "ఇంగ్లండ్" అని దేశం పేరుంటే ఎక్కువగా 1891 తర్వాతదే. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా 1890లో చేసిన చట్టం అమల్లోకి వచ్చింది అప్పుడే.

ఎర్రమట్టిదిబ్బ
జపాన్ వాళ్ళు 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద బాంబులేశారు, పదేళ్ళు తిరక్కుండా గులాబీల కప్పులు పంపారు. బాంబు బీచ్ రోడ్డు విశాఖ మ్యూజియంలో ఉంది, కప్పు పద్మ గారింట్లో ఉంది.

స్టీల్‌ప్లాంట్_సెక్టార్
ఉక్కునగరం వాళ్ళెవరూ మాట్లాడటం లేదేంటి? 80ల్లో రష్యన్ నిపుణులు వెళ్ళేటప్పుడు మా వీధిలో సగం ఇళ్ళలోకి వాళ్ళ టీ సెట్లు వచ్చాయి. మా దగ్గర నీలం వల, ముడి దగ్గర బంగారు చుక్కలు ఉన్నది ఉంది. లెనిన్‌గ్రాడ్ లొమొనొసోవ్ ఫ్యాక్టరీది. అందులో టీ తాగితే అమ్మ కొడుతుంది.

కొత్తరోడ్డు_కొత్తాయన
నా ఏడుపు కూడా వినండి. పోయినేడు ఒక ఎగ్జిబిషన్‌లో "వందేళ్ళ నాటి ఇంగ్లీషు ప్లేట్లు" అని ఆరు కొన్నాను, నాలుగు వేల రెండు వందలు. పూత నిండా సన్న పగుళ్ళు, గోధుమ రంగు గీతలు. చూడగానే పాతదనం కనిపించింది. ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే నీళ్ళు ఎర్రగా దిగాయి. వాసన చూస్తే టీ డికాషన్! పగుళ్ళలోకి డికాషన్ ఎక్కించి వందేళ్ళు తెప్పించాడు.

పళ్ళేల_పిచ్చోడు
ఈ విద్య పాతదే అన్నా, మీ ఒక్కరికే కాదు, నాకూ అయింది. పగుళ్ళని నమ్మకండి. పళ్ళెం మధ్యలో చూడండి. అరవై ఏళ్ళు తిన్న పళ్ళెం మీద కత్తి, ఫోర్కు గీతలు అన్ని వైపులకీ ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. అడుగు గట్టు అరిగి, అందులో మురికి పేరుకుని ఉంటుంది. కొత్తదాన్ని గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపుకి ఉంటాయి.

ఇంకోటి, ఖుర్జా సరుకుని తక్కువ చేసి మాట్లాడకండి ఎవరూ. ఉత్తరప్రదేశ్‌లో ఆ ఊరు ఊరంతా ఇదే పని. ఖుర్జాదని చెప్పి అమ్మితే గౌరవంగా కొంటాను. ఇంగ్లండుదని చెబితేనే ఒళ్ళు మండేది.

ఉప్పుగాలి
మీరందరూ పోగేయడం గురించి చెబుతున్నారు, నేను పోగొట్టుకున్నది చెబుతాను. లాసన్స్ బే కాలనీలో మా ఫ్లాటు నాలుగో అంతస్తు, బాల్కనీ సముద్రం వైపే. హాలు గోడ మీద ముప్పై ఒక్క పళ్ళేలు, వెనక స్ప్రింగు తీగ కొక్కేలతో వేలాడదీశాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. పొద్దున్న పదిన్నర ప్రాంతంలో బాల్కనీ తలుపు అద్దం పోయింది. గాలి లోపలికొచ్చి గోడ మీద పళ్ళేలని ఒక్కొక్కటిగా కాదు, వరసలు వరసలుగా దింపింది. మేం బాత్‌రూములో తలుపు పట్టుకుని కూర్చుని ఆ చప్పుడే విన్నాం. ఎన్ని పోయాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించి పదకొండు దగ్గర ఆపేశాను.

సాయంత్రం చూస్తే గోడకి రెండు మిగిలాయి. నేల మీద ముక్కల్లో ఒకటి గుర్తుంది, పైన సిందూరం రంగు, విరిగిన అంచులో లోపల మట్టి కొబ్బరి ముక్కలా తెల్లగా. తుడుస్తుంటే పనమ్మాయి "పోన్లెండమ్మా, మీరు బాగున్నారు, అవేటి" అంది. వాళ్ళ రేకుల ఇల్లు ఆ రోజే ఎగిరిపోయింది. ఆ తర్వాత ఆ మాట నేనెవరికీ ఫిర్యాదులా చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను.

బియ్యం డబ్బాలో దాచిన ఎనిమిది మాత్రం గీత పడలేదు. కాబట్టి గోడకి పెట్టకండి. తీగ కొక్కేలు మామూలు రోజుల్లో కూడా అంచు పెచ్చులు లేపుతాయి.

జాడీమూత
ఉప్పుగాలి గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. నేను ఈ రాత్రికే గోడ మీదవి దింపుతాను.

పళ్ళేల_పిచ్చోడు
దింపాక మధ్యలో తెల్ల కాగితమో, పాత నూలు గుడ్డో పెట్టి పేర్చండి. న్యూస్‌పేపర్ వద్దు, మన చెమ్మకి సిరా పూత పగుళ్ళలోకి దిగుతుంది. ఎనిమిది కంటే ఎత్తు పేర్చొద్దు, కింద ఉన్నది బరువుకి బీటిస్తుంది.

మాధవి గారూ, నిన్నంతా మీ రంగుల గురించే ఆలోచించాను. 1951లో కంపెనీ రంగులు మార్చింది. ముదురు నీలం, లేత ఆకుపచ్చ, ఐవరీ (దంతం రంగు) ఆపేసి గులాబీ, బూడిద లాంటివి తెచ్చింది. మీ దగ్గర ఆ నీలం, ఆ ఆకుపచ్చ రెండూ ఉన్నాయి. అంటే ఆ అమెరికన్ కుటుంబం ఇక్కడికి వచ్చేటప్పటికే ఇవి వాళ్ళింట్లో వాడిన పళ్ళేలు, కొత్తవి కొనలేదు. ఇంకో సంగతి. ఆ పాత రంగులు మొత్తం ఆరు. నారింజ (వాళ్ళు ఎరుపనే అంటారు), నీలం, ఆకుపచ్చ, పసుపు, ఐవరీ, తర్వాత కలిసిన నెమలిమెడ రంగు. మీకు ఐదున్నాయి. ఐవరీ ఒక్కటే లేదు.

ముంతమసాలా
మొదటి రోజు నుంచీ నేనడుగుతోంది అదే. ఎనిమిదోది ఏమైంది?

మహారాణిపేట_మాధవి
తమ్ముడి మీద అనుమానం వచ్చి అడిగాను. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మాస్టారు రాసినవన్నీ అమ్మకి చదివి వినిపించాను. పులిహోర సంగతి వదిలేసింది. "అయితే పొడి పిండివంటలు పెట్టుకోవచ్చేమో కనుక్కో" అంటోంది. అరిసెలకీ యురేనియంకీ సంబంధం ఉందా మాస్టారూ?

కెమిస్ట్రీ_మాస్టారు
అరిసె పొడిదే కానీ నూనె, బెల్లం ఓడుతూ ఉంటుంది. ఇంట్లో స్టీలు పళ్ళేలకి కరువొచ్చిందా అమ్మా? నారింజవి చూసుకోవడానికే ఉంచండి. పిల్లల చేతికి పెచ్చు ఊడినవి అసలు ఇవ్వొద్దు.

గాజువాక_గిరి
మరి పంపకం ఏమైంది? నారింజవి రెండూ తమ్ముడికిచ్చేయండి, పెద్దమనసు చేసుకుని.

మహారాణిపేట_మాధవి
వాడూ ఈ చర్చ చదువుతున్నాడు గిరి గారూ.

మహారాణిపేట_మాధవి
ఎనిమిదోది దొరికింది!!

నిన్న సాయంత్రం సున్నం వేసే అతను మేడ మీద కుండీలు పక్కకి జరుపుతున్నాడు. అమ్మ విరజాజి కుండీ కింద, నీళ్ళు కారకుండా పెట్టే పళ్ళెం, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే ఉంది. నాచు పట్టి నల్లగా, ఎప్పుడూ సిమెంటుదనుకున్నాను. అతను బురద నీళ్ళు పారబోసి గోడకి ఆనించాడు. వాన పడి ఒక మూల కడిగినట్టయింది. అక్కడ వెన్నముద్ద రంగు, దాని మీద వలయాలు! బోర్లిస్తే మూడు మచ్చలు. అంచున రూపాయి బిళ్ళంత పెచ్చు లేదు, హుద్‌హుద్ రోజు పక్క కుండీ పడిందట.

అమ్మని అడిగితే "అదా, తెల్లది మీ నాయనమ్మకి నచ్చలేదు, మాసినట్టుంది అని కుండీ కింద పెట్టేసింది" అంది, ఇది కూడా ఒక వార్తేనా అన్నట్టు. తమ్ముడికి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఎనిమిది అయ్యాయి కాబట్టి నాలుగు పంపమన్నాడు.

పళ్ళేల_పిచ్చోడు
ఐవరీ! ఆరు రంగులూ పూర్తి. మాధవి గారూ, బ్లీచింగ్ మాత్రం వేయకండి, పూత పాడవుతుంది. మంచి నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో నాచు తీసి, మరక మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచండి. ఫొటో పెట్టండి, బతిమాలుతున్నాను.

కెమిస్ట్రీ_మాస్టారు
కడగడం కడగండి కానీ, ఒక చిన్న మాట. ఆ కాలం ఐవరీ పూతలోనూ కొద్దిగా యురేనియం వేసేవాళ్ళు. నాయనమ్మగారు తెలియకుండానే సరైన చోట పెట్టారు.

ముంతమసాలా
విరజాజి బాగా పూస్తుందా?

మహారాణిపేట_మాధవి
మా వీధిలో అంత పూసేది ఇంకోటి లేదు. అమ్మ ఆ పళ్ళెం మళ్ళీ కుండీ కిందే పెట్టేసింది, నీళ్ళు కారి కొత్త సున్నం పాడవుతోందట.